పాత ప్యాంటు సంచీ, మూడు గంటల కూలి

(స్త్రీల కూటమిలో షోలాపూర్ కుట్టు బృందం తరఫున చేసిన ప్రసంగం)

 

ఈ బల్ల మీద కొన్ని వస్తువులు పెట్టాం. భోజనానికి లేచినప్పుడు చేతిలోకి తీసుకుని చూడండి. ఈ భుజం సంచీ ఒక జీన్స్ ప్యాంటు కాలు. దీని పట్టీ అదే ప్యాంటు నడుము. జడకు పెట్టుకునే ఈ బ్యాండ్లు చిరిగిన పట్టుచీర కొంగులోంచి వచ్చాయి. ఈ మెడదండలో పూసల్లా కనిపిస్తున్నవి గుడ్డ చుట్టిన పాత చొక్కా బొత్తాలు. ఈ కళ్ళజోడు పర్సు ఒకప్పుడు ఎవరి మెడలోనో ఉన్న టై.

ఇవన్నీ ఎలా చేస్తారో నేర్పమని మమ్మల్ని పిలిచారు. నేర్పుతాం. కుట్టడం అరగంటలో చెప్పేయొచ్చు. దీన్ని ఎంతకు అమ్మాలో తెలియడానికి మాత్రం మాకు రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళలో మేం చేసిన తప్పు కూడా ఈరోజు మీ ముందు చెప్పుకుంటాం.

ముందు ఒక మాట. పాత బట్టతో కొత్త వస్తువు చేయడం మనకు ఎవరో వచ్చి నేర్పిన పని కాదు. మనం బొంత అంటాం. ఇక్కడ మా మరాఠీ ఇరుగుపొరుగు గోధడి అంటారు. బళ్ళారి అక్కలు కౌది అని వినే ఉంటారు. ఒడిశా వైపు కంథ. అమ్మమ్మ చీర మెత్తబడ్డాక పొరలు పొరలుగా పరిచి, పాత చీర అంచులోంచి దారం లాగి, దానితోనే కుట్టేవాళ్ళు. పుట్టిన బిడ్డను మొదట పడుకోబెట్టింది ఆ బొంత మీదే.

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల వైపు సిద్దీలు ఉంటారు. శతాబ్దాల క్రితం ఆఫ్రికా నుంచి ఈ దేశానికి వచ్చినవారి సంతతి. వారిలో హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు ఉన్నారు. వారి ఆడవాళ్ళు కుట్టే బొంతను కవంది అంటారు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, అంచు వెంబడి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. నాలుగు మూలల్లో మడతపెట్టిన చిన్న గుడ్డముక్కలు కుడతారు. వాటిని పూలు అంటారు. ఆ పూలు లేకపోతే బొంత పూర్తయినట్టు కాదు. చిరుగు బట్టలోంచి చేసినదానికి కూడా అలంకారం కావాలని వాళ్ళు పట్టుబట్టారు. పేదవాళ్ళకు అందం ఎందుకని అడిగేవాళ్ళకు ఆ నాలుగు పూలు చూపిస్తే చాలు.

అయితే ఇంటి బొంతకు ఎవరూ గంటలు లెక్కపెట్టరు. మనవడి కోసం కుట్టే అమ్మమ్మ కూలి అడగదు. అదే చేయి అమ్మకానికి కుట్టినప్పుడు కూడా గంటలు లెక్కపెట్టకపోతే ఏమవుతుందో మా కథలో చూస్తారు.

మా బృందంలో 11 మందిమి. అందరం బీడీలు చుట్టినవాళ్ళమే, లేదా చుట్టినవాళ్ళ కూతుళ్ళం. మా తాతలు తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి ఈ ఊరు వచ్చారు. మగవాళ్ళు చాదర్లు, తువ్వాళ్ళు నేసే కార్ఖానాలకు వెళ్ళారు. ఆడవాళ్ళు ఇంట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టారు. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగాలేవని పక్కకు తీసేసిన బీడీలకు ఏమీ రాదు. పొగాకు ధూళికి దగ్గు, వంగి కూర్చుని నడుము నొప్పి. పిల్లలకు ఈ పని వద్దనుకున్న రోజున మా బచత్ గట్ సొమ్ముతో రెండు పాత కుట్టుమిషన్లు కొన్నాం. కొత్త బట్ట కొనే డబ్బు లేదు. అందుకే పాత బట్ట పట్టుకున్నాం.

ఇక పని సంగతి. రాసుకునే అక్కలు రాసుకోండి.

మొదట ఏరుకోవడం. పాత బట్టల వరుసలో నిలబడినప్పుడు రంగు చూసి మోసపోవద్దు. బట్టను రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా, నిలువుగా లాగండి. చిటచిటమని చప్పుడు వస్తే దారం చచ్చిపోయింది, వదిలేయండి. వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. జీన్స్‌లో మోకాలు, తొడల మధ్య భాగం త్వరగా పలచబడతాయి. పిక్క భాగం, వెనక జేబులు, నడుం పట్టీ గట్టిగా ఉంటాయి. పట్టుచీరలో మడతల దగ్గర చీలుతుంది, అంచు మాత్రం నిలుస్తుంది.

ఏ బట్టో తెలియకపోతే అంచు నుంచి ఒక దారం తీసి, పళ్ళెంలో పెట్టి కాల్చండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద అవుతుంది. పట్టూ ఉన్నీ వెంట్రుక కాలిన వాసన వేస్తాయి. పాలిస్టర్ కరిగి గట్టి గింజలా ముద్ద కడుతుంది. ఇస్త్రీ ఎంత వేడి పెట్టాలో దీన్నిబట్టి తెలుస్తుంది. ఈ పరీక్ష చేయక మేం మంచి మంచి కొంగులు రెండు ఇస్త్రీపెట్టెకు అంటించుకున్నాం.

తర్వాత ఉతకడం. పాత బట్ట ఇంట్లోకి రాగానే మిగతా బట్టల్లో కలపకండి. నూలు బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎర్రటి ఎండలో ఆరేయండి. రంగు పోతుందేమో చూడాలంటే తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్దండి. తెల్లగుడ్డకు రంగు అంటితే దాన్ని లేతరంగు బట్టతో జత చేయొద్దు.

జీన్స్ సంచీకి 16వ నంబరు సూది వాడండి. నాలుగైదు పొరలు వచ్చే చోట 18వ నంబరు. మామూలు సూది విరిగి కంట్లో పడే ప్రమాదం ఉంది. లావుపాటి కుట్లు మిషన్ కిందికి వెళ్ళకపోతే గుడ్డ కప్పి సుత్తితో మెల్లగా కొట్టండి, అణుగుతాయి. ఒక ప్యాంటుకు రెండు కాళ్ళు, రెండు సంచీలు. వెనక జేబులు అలాగే కోసి సంచీ ముందువైపు కుట్టండి, ఫోన్ పెట్టుకోవడానికి పనికొస్తాయి. లోపల అస్తరుకు పాత నూలు చొక్కా వేయండి. మిగిలిన పీలికలు సన్నగా కత్తిరించి సూదిమెత్తల్లో కూరండి. మా గదిలో చెత్తబుట్ట నిండడానికి వారం పడుతుంది.

జడ బ్యాండుకు జానెడు వెడల్పు, మూర పొడవు పట్టుముక్క చాలు. గొట్టంలా కుట్టి, తిరగేసి, ఎలాస్టిక్ దూర్చి మూతి కుట్టేయడమే. కొత్తగా నేర్చుకునే పిల్లల చేత మొదట ఇదే చేయించండి.

ఇక మా తప్పు దగ్గరికి వస్తాం.

మొదటి ఏడాది మేం బట్ట కొనలేదు. మన కుటుంబాల నుంచి పాత బట్టలు దానంగా అడిగాం. గోనెసంచులు నిండా వచ్చాయి. అందులో సగానికి పైగా పనికిరానివే. చిరిగిన బనియన్లు, మరకల దుప్పట్లు. దానం అనే పేరుతో ఇల్లు ఊడ్చుకున్నారు కొందరు. అయినా మంచివి కూడా వచ్చాయి. బట్ట ఊరికే వచ్చింది కదా అని సంచీకి 80 రూపాయలు పెట్టాం. క్రిస్మస్ ముందు అమ్మకంలో 40 సంచీలు పోయాయి. అందరూ మెచ్చుకున్నారు. ఫొటోలు తీసుకున్నారు. మేం పొంగిపోయాం.

ఆ రాత్రి లెక్క చూసుకుంటుంటే మా బృందంలో అందరికంటే పెద్ద అక్క, ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి, వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. 80లో జిప్పు, దారం, అస్తరు 25 పోయాయి. బృందం నిధికి 10. కుట్టినామెకు 45. సంచీకి మూడు గంటలు పట్టింది. అంటే గంటకు 15 రూపాయలు.

"బీడీలు చుట్టినా ఇంతకంటే ఎక్కువే వచ్చేది కదమ్మా" అంది. "అక్కడ సేఠ్‌ను తిట్టుకునేవాళ్ళం. ఇక్కడ ఎవరిని తిట్టాలి? మనమే సేఠ్‌లం."

ఎవరికీ మాట రాలేదు.

ఆ వారంలోనే రెండో దెబ్బ తగిలింది. స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు తీసుకునే ఆడవాళ్ళు మీ అందరి వీధుల్లోకీ వస్తారు. ఇక్కడ బోహారీణ్ అంటారు. నెత్తిన గంప, భుజాన మూట. మా వీధికి ఏళ్ళ తరబడి వచ్చే ఒకామె మా గుమ్మంలో కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగి, అడిగింది: "బాయీ, మీరు అందరి ఇళ్ళలో బట్టలు ఊరికే తీసుకుపోతే నా గిన్నెలు ఎవరు తీసుకుంటారు?"

ఆమె గురించి మాకు ఆలోచనే రాలేదు. పేదవాళ్ళకు పని కల్పిస్తున్నాం అనుకుంటూ మరో పేదరాలి పని లాక్కున్నాం. మనం విసిరేసిన బట్టను ఏరి, ఉతికి, బొత్తాలు కుట్టి, మళ్ళీ తొడుక్కునేలా చేసి సంతకు చేర్చేది ఆమె, ఆమెలాంటివాళ్ళు.

మన దేశంలో ఆడ కార్మికుల పెద్ద సంఘం ఒకటి ఇలాంటి ఆడవాళ్ళతోనే మొదలైందని మాకు ఆ తర్వాతే తెలిసింది. 1971 డిసెంబరులో అహ్మదాబాదులో ఒక సభ జరిగింది. పాత బట్టలు అమ్ముకునే ఆడవాళ్ళు వంద మందికి పైగా వచ్చారు. మనకంటూ ఒక సంఘం కావాలని ఆ సభలో ఒకామె అంది. ఇలా భట్ నాయకత్వంలో 1972లో ‘సేవ’ సంఘం రిజిస్టర్ అయింది. కార్మిక శాఖ మొదట ఒప్పుకోలేదు. మీకు యజమానే లేడు, సంఘం ఎవరి మీద పోరాడుతుంది అని అడిగారు. ఎవరి మీదో పోరాడటానికే కాదు, పనిచేసేవాళ్ళు ఒకటిగా నిలబడటానికి కూడా సంఘం కావాలని వాళ్ళు వాదించి నెగ్గారు. 1974లో 4,000 మంది తలా 10 రూపాయలు వేసుకుని సొంత బ్యాంకు పెట్టుకున్నారు.

ఇంకో సంగతి. యానాం అక్కలకు ఇది దగ్గరి కథ. గోదావరి పాయల పక్కన నరసాపురం లేసు పని మిషనరీల చేతుల మీదుగా మన ఆడవాళ్ళకు వచ్చింది. కరువుల్లో, కష్టాల్లో ఎన్నో ఇళ్ళు నిలబెట్టిన పని అది. కానీ 1982లో మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఆ లేసు అల్లేవాళ్ళ మీద ఒక పుస్తకం అచ్చు వేసింది. ఆ ఆడవాళ్ళు పగలంతా అల్లుతారు. లేసు విదేశాలకు పోతుంది. వ్యాపారులు బాగుపడతారు. అల్లినామె మాత్రం ‘ఇంట్లో ఊరికే కూర్చుని తీరిక వేళ చేసుకునే ఆడమనిషి’ అనే లెక్కలోనే ఉండిపోతుంది. తీరిక వేళ పని అన్నాక కూలి ఎంత తక్కువైనా అడిగేవాళ్ళుండరు.

మా 80 రూపాయల సంచీ కూడా అదే కథ. వ్యాపారి లేడు, విదేశం లేదు. అయినా "ఇంట్లో ఖాళీగా ఉండే బదులు" అనే మాట మేమే వాడాం. మా కాగితాల మీద మేమే రాసుకున్నాం.

పాత బట్టల దుకాణాలకు పేరుపడ్డ అమెరికాలో కూడా దీని మొదలు వేరేగా ఉంది. 1902లో బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే మెథడిస్టు పాదిరి గోనెసంచులు పట్టుకుని బాగా ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి పాత సామాను అడిగి తెచ్చాడు. వాటిని పేదలకు ఊరికే పంచలేదు. బాగుచేసే పని వాళ్ళకే ఇచ్చి కూలి ఇచ్చాడు. గుడ్‌విల్ అనే సంస్థ అలా పుట్టింది. దానంగా వచ్చిన వస్తువు కావచ్చు, దాని మీద పెట్టిన చెమట దానం కాదని ఆయన ఆనాడే గ్రహించాడు.

మేం లెక్క మార్చాం. ఇప్పుడు ప్రతి సంచీ లోపల ఒక చీటీ ఉంటుంది. అందులో ఇలా రాసి ఉంటుంది. ప్యాంటు కాలు 20. జిప్పు, దారం, అస్తరు 25. కుట్టుకూలి మూడు గంటలకు 150. కరెంటు, మిషన్ మరమ్మతు 15. బృందం నిధి 20. మొత్తం 230 రూపాయలు. ప్యాంటు ఒకటి 40కి ఆ గిన్నెల అమ్మ దగ్గరే కొంటాం. బేరం ఆడం. ఆమె ఇప్పుడు గట్టి జీన్స్ మా కోసం విడిగా తీసిపెడుతోంది. ఏ ప్యాంటు సంచీకి పనికొస్తుందో మాకంటే ఆమెకే బాగా తెలుసు.

రెండో ఏడాది అమ్మకంలో ఏమైందో కూడా దాచకుండా చెబుతాం. 40 కాదు, 17 సంచీలే పోయాయి. "పాత ప్యాంటుకు 230 రూపాయలా?" అన్నారు. "సేవ అనుకున్నాం, వ్యాపారం మొదలుపెట్టారా?" అన్నారు. మన వాళ్ళే అన్నారు. కొందరికి చీటీ చూపించాం. చదివి కొందరు కొన్నారు, కొందరు సంచీ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు.

కానీ లెక్క చూడండి. మొదటి ఏడాది 40 సంచీలకు 120 గంటలు కుట్టాం, చేతికి వచ్చిన కూలి 1,800. రెండో ఏడాది 17 సంచీలకు 51 గంటలు, కూలి 2,550. తక్కువ అమ్మి ఎక్కువ తెచ్చుకున్నాం. మిగిలిన గంటలు మావే.

అయినా కష్టం తీరలేదు. 17 సంచీలు 11 మందికి ఏ మూలకు? ఇద్దరు చెల్లెళ్ళు మళ్ళీ బీడీల చాట పట్టుకున్నారు. వారిని తప్పు పట్టే హక్కు మాకు లేదు. ధర తగ్గిస్తే వాళ్ళు తిరిగి వస్తారేమో అని మాలో సగం మంది అంటారు. తగ్గిస్తే బీడీలకూ దీనికీ తేడా ఏముంటుందని మిగతా సగం అంటారు. ప్రతి నెలా ఇదే వాదన. ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి ధర అలాగే ఉంచి, తక్కువ సమయం పట్టే జడ బ్యాండ్లు, పర్సులు ఎక్కువగా చేస్తున్నాం. బడిపిల్లలకు పెన్సిల్ సంచులు మొదలుపెట్టాం. ఇద్దరూ తిరిగి రావాలని చూస్తున్నాం.

చాలా సంఘాల్లో కుట్టు బృందానికి దొర్కా పేరు పెట్టుకుంటారు. మాదీ అలాంటి బృందమే. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపించారు. ఆ కథ వల్లనేమో, కుట్టడం అంటే సేవ అని మనకు స్థిరపడిపోయింది. సేవ మంచిదే. దొర్కా విధవరాండ్ర కోసం కుట్టింది. మరి విధవరాలే కూర్చుని మన కోసం కుడుతుంటే? అప్పుడు చూడాల్సింది ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం. పేదవాడి దుప్పటి తాకట్టు పెట్టుకుంటే పొద్దు గూకేలోగా తిరిగి ఇవ్వాలన్న ఆజ్ఞా, కూలివాడి కూలి పొద్దు గూకకముందే ఇవ్వాలన్న ఆజ్ఞా ఆ ఒక్క అధ్యాయంలోనే పక్కపక్కన ఉన్నాయి. బట్టనూ కూలినీ ధర్మశాస్త్రం విడదీయలేదు.

మీ ఊళ్ళకు వెళ్ళాక ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్ళుంటే మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. మొదటి సంచీ కుట్టేటప్పుడే గడియారం ముందు పెట్టుకుని గంటలు రాసుకోండి. మీ వీధికి గిన్నెలమ్మ వస్తుంటే ముందు ఆమెతో మాట్లాడి, ఆమె దగ్గర కొనండి. ధరలో కూలి ఎంతో కొనేవాళ్ళకు కనబడేలా రాయండి. కొనేవాళ్ళకు ఒకే మాట: దానం ఇవ్వాలనుకుంటే మీ ఒంటికి తగినంత మంచి బట్ట, ఉతికి, మడతపెట్టి ఇవ్వండి. అలాంటిది లేకపోతే ఇవ్వకండి, ఒక సంచీ కొనండి.

బల్ల మీద ఈరోజు 14 సంచీలున్నాయి. లోపల చీటీ ఉంది. ముందు అది చదివి, ఆ తర్వాత ధర అడగండి. సూది పట్టుకోవాలనుకునే పిల్లలు భోజనం తర్వాత కిటికీ దగ్గర మిషన్ వద్దకు రండి. జడ బ్యాండు అక్కడే కుట్టి, పెట్టుకుని వెళ్ళొచ్చు.